గాజు గదిలో పెద్దమ్మ

“పెద్దమ్మని చంపేశారండీ!”

గడప దాటకుండానే ఆ అమ్మాయి అన్న మొదటి మాట అది. టైపు మాస్టారి చేతిలో టీ గ్లాసు తొణికి చొక్కా మీద పడింది. హత్య కేసు! ఈ ఆఫీసులో చేరినప్పటి నుంచీ ఆయన ఎదురుచూస్తున్నది దాని కోసమే. ఇప్పటిదాకా వచ్చినవన్నీ తప్పిపోయిన కుక్కలూ, అలిగి వెళ్ళిపోయిన అల్లుళ్ళూ, గోడ జరిపిన పక్కింటివాళ్ళూ.

“శవం ఎక్కడుందమ్మా?” అన్నాడు గొంతు తగ్గించి.

“డైరెక్టర్ గారి గదిలో. కుండీలోనే ఉంది.”

“కుండీలోనా!”

“మాస్టారూ, ముందు ఆవిడకి కుర్చీ వెయ్యండి,” అంది లాయరమ్మ లోపలి బల్ల దగ్గర నుంచి.

అప్పుడు చూశాడాయన. అమ్మాయి వెనకాల ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నల్ల కళ్ళద్దాలు, వాటి కింద నుంచి బయటికి కనిపిస్తున్న దూది కట్టు. ఒక చెయ్యి అమ్మాయి భుజం మీద ఉంది. మాస్టారు నాలిక్కరుచుకుని కుర్చీ లాక్కొచ్చాడు.

లాయరమ్మ ఒకప్పుడు నిజంగా లాయరే. ఎవరో కనిపెట్టి తెచ్చిన సంగతుల్ని కోర్టులో వల్లించడం విసుగెత్తి, నల్లకోటు విప్పేసి, గడియారాలు బాగుచేసే షాపు పైన ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. పేరు మాత్రం వదల్లేదు. మాస్టారు ఇదే వీధిలో టైపు నేర్పేవాడు. మిషన్లకి తుప్పు పట్టి, నేర్చుకునేవాళ్ళు కరువైన రోజుల్లో ఆవిడ మెట్లెక్కి వచ్చి, “మీకు స్పష్టంగా వినడం, విన్నది విన్నట్టు కొట్టడం వచ్చు. నాకు కావలసింది అదే. వచ్చెయ్యండి” అంది. రోడ్డున పడాల్సిన తనని పిలిచి కూచోబెట్టిన మనిషి అని మాస్టారికి ఆవిడంటే వల్లమాలిన గౌరవం. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకుంటాడు.

“కంగారుపడకండి,” అంది పెద్దావిడ కూచుంటూ. “పెద్దమ్మ అంటే మొక్క. మేం పెట్టుకున్న ముద్దుపేరు. నన్ను కూడా అందరూ మొక్కలమ్మ అంటారు. ఈ పిల్ల నా శిష్యురాలు.”

మాస్టారు కాస్త నీరుగారిపోయాడు. లాయరమ్మ మాత్రం కుర్చీ ముందుకి లాక్కుంది.

“పెద్దమ్మ అని ఎందుకన్నారు?”

మొక్కలమ్మ మొహంలో ఒక్కసారి వెలుగొచ్చింది. జీవితమంతా మొక్కల వంశవృక్షాలు గీస్తూ గడిపిన మనిషి. ఏ మొక్క ఏ మొక్కకి చుట్టం, ఎప్పుడు విడిపోయాయి, ఎందుకు మారాయి అన్నదే ఆవిడ లోకం.

“మా ఊరి గుట్టల మీద రెండు మొక్కలున్నాయి. ఒకటి తెల్లపొద. పువ్వు రేకలు విడివిడిగా ఉంటాయి, ఏ పురుగు వచ్చినా రానిస్తుంది. సత్రం లాంటిదన్నమాట. రెండోది గొట్టం తీగ. దాని రేకలన్నీ అతుక్కుని గొట్టంలా ఉంటాయి. తుమ్మెద తప్ప ఇంకెవరూ లోపలికి దూరలేరు. పైకి చూస్తే ఈ రెండూ చుట్టాలని ఎవరూ అనుకోరు. నేను మాత్రం ఒక తల్లి పిల్లలే అంటాను. ఆ తల్లి లక్షల ఏళ్ళ కిందటే పోయింది. కానీ తల్లి తోబుట్టువు లాంటి మొక్క ఒకటి నాకు దొరికింది.”

“అంటే పిల్లలకి పెద్దమ్మ!” అన్నాడు మాస్టారు.

“అదే! క్వారీ వాళ్ళు గుట్టని పగలగొడుతుంటే, చివరి బండ నీడలో ఒకే ఒక్క మొక్క కనిపించింది. ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాను. తర్వాత ఎంత వెతికినా రెండోది దొరకలేదు. లోకంలో అదొక్కటే. మా సంస్థ గాజుగదిలో పెంచాం. కుళాయి నీళ్ళు పడేవి కావు, వాన నీళ్ళు పట్టి పోసేవాళ్ళం. గుట్ట మీది ఎర్ర గులకమట్టే వేశాం. మధ్యాహ్నం ఎండ తగలకుండా తడిక కట్టేవాళ్ళం. పసిబిడ్డని సాకినట్టు సాకితే, ఈ ఏడు తొలిసారి మొగ్గ తొడిగింది.”

“పువ్వు పూస్తే ఏం తేలుతుంది?”

“రేకలు కింద సగం అతుక్కుని, పైన సగం విడిగా ఉంటే నా మాట నిజం. మొత్తం విడిగా ఉంటే అది కూడా మామూలు తెల్లపొద లాంటిదే, నా మాట అబద్ధం. మొగ్గ చూసి చెప్పలేం. విచ్చుకోవాల్సిందే.”

“పూత లేనప్పుడు ఎలా ఉండేది?”

“అచ్చం తెల్లపొదే. అదే ఆకు, అదే కాడ. ఆకులు పుట్టే తీరులోనే తేడా. తెల్లపొదకి మెట్లెక్కినట్టు ఒకటి అటూ, ఒకటి ఇటూ పుడతాయి. పెద్దమ్మకి జంటలు. దణ్ణం పెట్టబోయే చేతుల్లా ఎదురెదురుగా.” ఆవిడ చేతులు గాల్లో అలా ఎదురెదురుగా నిలిచి, మళ్ళీ ఒళ్ళో పడిపోయాయి. “అదంతా గతం.”

మిగతాది శిష్యురాలు చెప్పింది. మొక్కలమ్మకి కంటి ఆపరేషన్ అయి ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో తను ఆవిడ మంచం పక్కనే ఉంది. మధ్యలో ఒక్కసారి గాజుగదికి వచ్చి, మొక్కకి వాన నీళ్ళు పోసి, తాళం వేసి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మొక్క ఎండిపోయి ఉంది. తాళం చెవులు తన దగ్గరా, డైరెక్టర్ దగ్గరా, సంస్థకి సలహాదారుగా ఉన్న ప్రొఫెసరు దగ్గరా మాత్రమే ఉన్నాయి. డైరెక్టర్ నేరం తన మీద మోపాడు. పేరంతా గురువుగారికే పోతుందన్న కుళ్ళుతో చంపేసిందట. ఈ వారం దాటితే పోలీసులకి అప్పగించి, చదువు కూడా రద్దు చేయిస్తానన్నాడు.

“చచ్చిన మొక్కని నువ్వు చూశావా?” అడిగింది లాయరమ్మ.

“దూరం నుంచేనండీ. దగ్గరికి వెళ్ళబోతే ‘చేసింది చాలు, ముట్టుకోకు’ అని కుండీ తీసుకెళ్ళి ఆయన గదిలో పెట్టేసుకున్నారు.”

“మీరు?”

“నాకు ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ కనిపించదు,” అంది మొక్కలమ్మ. “తాకి చూడమన్నారు. నా చేతులు రాలేదమ్మా. లాయరమ్మా, మొక్క తిరిగిరాదు, నాకు తెలుసు. ఈ పిల్లని బయటపడెయ్యండి. నాకు చూపు తగ్గినప్పటి నుంచీ తన కళ్ళతోనే చూస్తున్నాను.”

ఆ అమ్మాయి తల తిప్పుకుంది. మాస్టారికి హత్య కేసు కాదన్న నిరాశ ఎటు పోయిందో పోయింది.

* * *

డైరెక్టర్ గది నిండా పటాలే. అన్నిటిలోనూ ఆయనే ఎవరి చేతో ఊపుతూ ఉన్నాడు. ‘సంస్థ పరువు’ అన్న మాట లేకుండా ఆయన వాక్యం ముగియదు.

“ఇందులో పరిశోధించడానికి ఏముందండీ? ఆ అమ్మాయి దగ్గర తాళం చెవి ఉంది. అక్కడికి వచ్చానని ఆ అమ్మాయే ఒప్పుకుంది. సంస్థ పరువు దృష్ట్యా నేనింకా ఓపిక పట్టాను.”

“మీ దగ్గరా తాళం చెవి ఉందిగా,” అంది లాయరమ్మ.

“నా దగ్గరా! నేనెందుకు చంపుతాను?”

“గాజుగది పడగొట్టి అక్కడ సభాభవనం కట్టాలని మీరు అనుకుంటున్నారని విన్నాను. ఆ మొక్క ఉన్నంతకాలం గోడ మీద చెయ్యి వెయ్యడానికి లేదట.”

డైరెక్టర్ మొహం వంకాయ రంగుకి తిరిగింది. “సభాభవనం సంస్థ పరువు కోసం!”

కిటికీ పక్కన కుండీ ఉంది. పేరు రాసిన రేకుముక్క ఇంకా దానికి వేలాడుతూనే ఉంది. మొక్క మోకాలెత్తు కూడా లేదు. ఆకులన్నీ రాలి మట్టి మీద ముడుచుకుపోయి పడున్నాయి. మోడులా మిగిలిన కాడ చుట్టూ, ఆకులు ఊడిన చోట చిన్న చిన్న మచ్చలు ఒకదాని మీదొకటి మెట్ల వరసలా పైదాకా పాకాయి. మొగ్గల జాడ లేదు. కుండీ అంచున తెల్లగా పొర కట్టి ఉంది. లాయరమ్మ దాన్ని గోటితో గీకి నాలిక మీద వేసుకుంది. మాస్టారు “అమ్మా!” అని అరిచాడు.

“ఉప్పే, మాస్టారూ. విషమైతే అంత అమాయకంగా తెల్లగా ఉండదు.”

తర్వాత పెన్సిల్ తీసి మట్టిలో గుచ్చింది. పైన ఎర్ర గులకమట్టి. పెన్సిల్ బయటికి తీస్తే దాని కొనకి నల్లమట్టి అంటుకుని ఉంది. ఆవిడ పెన్సిల్ రుమాలుకి తుడుచుకుంది.

వరండాలో నీళ్ళు పోసే మనిషి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. కొత్తగా చేరాడు. “వాడిపోతుంటే దాహమేసిందేమో అని, డైరెక్టర్ గారి చేత తాళం తీయించుకుని ఇంకో చెంబు పోశానండీ. ఎంత పోస్తే అంత వాడిపోయింది. ఇంతకుముందు ఆ మొక్క ఎట్లా ఉండేదో నాకు తెలియదు. ఆ అమ్మాయిగారు దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.”

బయటికొచ్చాక మాస్టారు ఆగలేకపోయాడు. “డైరెక్టరేనమ్మా. మొహంలోనే రాసి ఉంది.”

“మొహాల మీద రాసి ఉంటే నేను ఈ ఆఫీసు ఎందుకు తెరుస్తాను? పదండి, ప్రొఫెసరు గారింటికి.”

* * *

ప్రొఫెసరు రాసిన పుస్తకం చదవకుండా వృక్షశాస్త్రం చదువు పూర్తి చేసినవాళ్ళు ఎవరూ లేరు. తెల్లపొదకీ గొట్టం తీగకీ ఎక్కడా సంబంధం లేదని, రెండూ వేరువేరు వంశాల నుంచి వచ్చాయని తేల్చింది ఆయనే. ఆ ఒక్క అధ్యాయంతోనే పెద్ద పేరొచ్చింది. ఆయనా మొక్కలమ్మా ఒకే తరగతిలో చదువుకున్నారు. ఆనాటి నుంచీ వాదన ఆగలేదు, స్నేహమూ ఆగలేదు.

ఇంటి ముందు ప్రహరీ పొడుగునా తెల్లపొదలు వరసగా నాటి ఉన్నాయి. తెల్లటి పూలతో విరగబూసి ఉన్నాయి. మాస్టారు వాటి పక్కనే నడుస్తూ, ఒకచోట వరస తెగి కొత్తగా మట్టి కప్పి ఉండడం చూశాడు. పన్ను ఊడిన నోరులా ఉంది అనుకున్నాడు. మట్టి నల్లగా, మెత్తగా ఉంది.

తలుపు తీసింది ప్రొఫెసరు గారి అక్క. తమ్ముడి సంసారాన్నీ, తమ్ముణ్ణీ ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. వరండాలో అడుగు పెట్టడానికి చోటు లేదు. బిందెలు, బకెట్లు, ఆఖరికి అంట్లు తోమే గిన్నెతో సహా చూరు కింద బారులు తీరి ఉన్నాయి.

“కాళ్ళకి తగులుతాయి, జాగ్రత్తమ్మా. మా వాడికి ఈ వయసులో ఇదో పిచ్చి పట్టుకుంది. చినుకు పడితే చాలు, నా వంటగిన్నెలతో సహా తెచ్చి చూరు కింద పెడుతున్నాడు. వాన నీళ్ళు తాగితే ఒంటికి మంచిదట. కడుపునిండా అన్నం తినడం మాత్రం మానేశాడు. వారం పది రోజులుగా నిద్ర కూడా లేదు. డాబా మీదికి ఎక్కుతాడు, దిగుతాడు. అడిగితే విసుక్కుంటాడు.”

ప్రొఫెసరు లోపలి గదిలో పుస్తకాల మధ్య కూచుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. కళ్ళ కింద నల్లగా ఉంది. ఆయనకి నిజంగానే బాధగా ఉందని మాస్టారికి అనిపించింది.

“చాలా ఘోరం జరిగింది,” అన్నాడాయన. “నేను మొక్కలమ్మతో ఒప్పుకోలేదన్న మాట నిజమే. అయినా అలాంటి మొక్క మళ్ళీ దొరుకుతుందా?”

“గాజుగదికి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు?”

“ఆవిడ ఆస్పత్రిలో చేరేముందు. మొగ్గలు చూడమని తనే పిలిచింది.”

“ఆ తర్వాత ఎవరైనా సరిగ్గా చూసుకోక ఎండిపోయి ఉండొచ్చా? ఎండ ఎక్కువై?”

“అవును, అలా కూడా అయ్యుండొచ్చు. చాలా సున్నితం. దానికి మధ్యాహ్నం ఎండ పడదు. కాస్త ఆలస్యమైతే చాలు, తల వాల్చేస్తుంది.”

లాయరమ్మ తల ఊపింది. “డాబా మీద ఏదైనా తోట వేశారా?”

“లేదు,” అన్నాడు ప్రొఫెసరు. ఆ ఒక్క మాటా గబుక్కున వచ్చింది. “పాత సామాను ఉంది. అంతే.”

ఆవిడ మరేమీ అడక్కుండా లేచి నమస్కారం పెట్టింది. గేటు దాటాక ఒక తెల్లపొద కొమ్మని తుంపి, పర్సులో పెట్టుకుంది.

“పువ్వు కోసమా అమ్మా?” అన్నాడు మాస్టారు.

“కాదు. ఆకుల కోసం. మాస్టారూ, మీరు విన్నది విన్నట్టు కొడతారుగా. మన మొక్కలమ్మ ఆ మొక్క గురించి ఎలా మాట్లాడింది? నీళ్ళు ‘పడేవి కావు’ అంది, తడిక ‘కట్టేవాళ్ళం’ అంది. నీళ్ళు పోసే మనిషి కూడా ‘ఎట్లా ఉండేదో’ అన్నాడు. పోయినవాళ్ళ గురించి ఎవరైనా అలాగే మాట్లాడతారు. మరి ప్రొఫెసరు గారు ఏమన్నారు?”

మాస్టారు కళ్ళు మూసుకుని మనసులోనే టైపు కొట్టుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆయన నోరు కూడా తెరుచుకుంది.

“‘ఎండ పడదు’ అన్నారు. ‘తల వాల్చేస్తుంది’ అన్నారు!”

“అదీ సంగతి. రేపు పొద్దున అందర్నీ గాజుగదికి రమ్మందాం.”

* * *

పొద్దుటి ఎండ గాజుపలకల మీద నుంచి జారుతోంది. లోపల తడిమట్టి వాసన. ఖాళీ అయిన చెక్కబల్ల చుట్టూ అందరూ నిలబడ్డారు. డైరెక్టర్ ఊరికే చేతి గడియారం చూసుకుంటున్నాడు. ప్రొఫెసరు వెంట ఆయన అక్క కూడా వచ్చింది. శిష్యురాలు మొక్కలమ్మని పట్టుకుని నడిపించుకొచ్చింది. మాస్టారు చచ్చిన మొక్క ఉన్న కుండీని తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“మీరంతా ఒక ప్రశ్నకి జవాబు వెతుకుతున్నారు,” అంది లాయరమ్మ. “పెద్దమ్మని ఎవరు చంపారు అని. నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. అసలు చచ్చింది ఎవరు?”

“ఇదేం ప్రశ్న? కుండీ మీద పేరు కనిపిస్తోందిగా!” అన్నాడు డైరెక్టర్.

“కుండీ మీద ఉంది. మొక్క మీద లేదు. మొక్కలమ్మా, మీరు ఒక్కసారి దీన్ని తాకాలి. కష్టమని తెలుసు. నా కోసం కాదు, ఈ అమ్మాయి కోసం.”

మొక్కలమ్మ వెనక్కి తగ్గింది. శిష్యురాలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కొంతసేపటికి ఆవిడే చెయ్యి విడిపించుకుని ముందుకి చాచింది. వేళ్ళు ఎండిన కాడని తాకాయి. కింద నుంచి పైకి పాకడం మొదలుపెట్టాయి. ఒక మచ్చ దగ్గర ఆగాయి. దాని ఎదురుగా రెండో మచ్చ కోసం తడిమాయి. అక్కడ ఏమీ లేదు. ఇంకాస్త పైకి వెళితే, పక్కగా తగిలింది. ఆ పైన మళ్ళీ ఇటువైపు.

ఆవిడ వేళ్ళు గబగబా పైకీ కిందికీ పరుగెత్తాయి. “ఇదేంటి, ఇది మెట్ల వరస,” అంది. “ఇది పెద్దమ్మ కాదు. పిల్లా, చూడు, చూసి చెప్పు! ఇది తెల్లపొద!”

శిష్యురాలు వంగి చూసి, బల్ల అంచు పట్టుకుని ఏడ్చేసింది. లాయరమ్మ పర్సులోని కొమ్మని తీసి పక్కన పెట్టింది. ఆకులు వేలాడిపోయినా, పుట్టిన చోట్లు మాత్రం మోడు మీది మచ్చల వరసలాగే ఉన్నాయి.

“ఎవరో అసలు మొక్కని దాని మట్టితో సహా ఎత్తుకెళ్ళారు. దాని కుండీలో ఒక తెల్లపొదని పెట్టి, పైన కాస్త ఎర్రమట్టి చల్లి, ఉప్పునీళ్ళు పోశారు. ఆకులు రాలిపోతే పోలిక దొరకదని. కింద నల్లమట్టి మాత్రం అలాగే ఉండిపోయింది. చూడగలిగినవాళ్ళలో మొక్కలమ్మకి చూపు లేదు, శిష్యురాలికి దగ్గరికి వెళ్ళే వీలు లేదు. ఆ వీలు లేకుండా చేసినందుకు డైరెక్టర్ గారికి ఆ దొంగ రుణపడి ఉంటాడు.”

డైరెక్టర్ ఏదో అనబోయి, ‘సంస్థ’ దగ్గరే ఆగిపోయాడు.

“మొక్క మీద పగ ఉన్నవాడైతే ఉప్పునీళ్ళు దాని మీదే పోసేవాడు. ఇంత తిప్పలు ఎందుకు? ఆ మొక్క పువ్వు ఎవరి కంటా పడకూడదు. కానీ చావనూ కూడదు. అలా రెండు మనసులతో కొట్టుకున్న మనిషి ఒక్కరే. ఆయన ఇంటి ముందు పొదల వరసలో ఒకచోట ఖాళీ ఉంది. ఆయన చూరు కింద వాన నీళ్ళు పడుతున్నాడు. చచ్చిందనుకుంటున్న మొక్కకి ఎండ ‘పడదు’ అని నాతో అన్నాడు.”

ఎవరూ ప్రొఫెసరు వైపు చూడలేదు. చూడాల్సిన పని లేకుండా ఆయన అక్క “ఒరేయ్!” అంది. అంత చిన్న మాటలో ఆవిడ ఆయన్ని చిన్నపిల్లాణ్ణి చేసేసింది.

ప్రొఫెసరు బల్ల దగ్గరికి వచ్చాడు. “చంపుదామనే వచ్చాను,” అన్నాడు. “ఉప్పునీళ్ళు పెద్దమ్మ కోసమే తెచ్చాను. నా జీవితమంతా ఆ ఒక్క అధ్యాయం మీదే నిలబడింది. మొగ్గలు చూసిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. తీరా వచ్చి సీసా ఎత్తితే చెయ్యి ఒంగలేదు. లోకంలో ఇంకోటి లేదు కదా. ఇంటికి పోయి, పొదని తవ్వి తెచ్చి మార్చేశాను. పువ్వులు రాలిపోయాక ఏదో ఒక వంకతో తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. ఈ అమ్మాయి మీదికి వస్తుందనుకోలేదు. వచ్చాక నోరు విప్పే ధైర్యం లేకపోయింది.”

“నన్ను దొంగని చేశారు,” అంది శిష్యురాలు. కళ్ళు తుడుచుకోలేదు. “పోలీసులు వస్తారని మా ఇంట్లో అమ్మ వంట కూడా మానేసింది. మీ పుస్తకం చదివే నేనీ చదువులోకి వచ్చాను సార్.”

ఆయన తల వంచుకుని రెండు చేతులూ జోడించాడు. ఆ అమ్మాయి క్షమించానని అనలేదు. అనమని ఎవరూ అడగలేదు.

“బతికే ఉందా?” అంది మొక్కలమ్మ. అప్పటిదాకా ఆవిడ విన్నది ఆ ఒక్కటే.

* * *

ప్రొఫెసరు ఇంటి డాబా మెట్లు ఇరుకు. ముందు శిష్యురాలు, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని మొక్కలమ్మ, వెనక ఊపిరి బిగబట్టి మాస్టారు, ఆ వెనక మిగతావాళ్ళు. ఒక మూల కొత్త తడిక కట్టి ఉంది. దాని నీడలో మట్టి తొట్టి, తొట్టిలో పెద్దమ్మ.

మాస్టారు మొక్కల గురించి ఏమీ ఎరగనివాడు. అయినా అంత పచ్చదనం ఆయన ఎక్కడా చూడలేదు. ఆకులు జంటజంటలుగా చేతులు చాచి ఉన్నాయి. వాటి మధ్య పూలు విచ్చుకుని ఉన్నాయి. ఒక నల్ల తుమ్మెద రొద చేస్తూ ఒకదాంట్లోంచి వెనక్కి జరిగి, ఇంకోదాంట్లోకి తల దూర్చింది.

“ఆ చప్పుడు తుమ్మెదదేనా?” అంది మొక్కలమ్మ.

“అవునమ్మా,” అంది శిష్యురాలు. మొక్క ముందు మోకాళ్ళ మీద కూచుని కొమ్మలు పక్కకి తీసి చూసింది. ఒక్కసారి కెవ్వుమంది. “అమ్మా, చెయ్యి ఇవ్వండి. ఇక్కడ, ఈ ఆకు కింద!”

మొక్కలమ్మ వేళ్ళకి గుండ్రంగా, గట్టిగా, శనగగింజంత తగిలింది. పక్కన ఇంకోటి. ఆ పక్కన మరోటి.

“కాయలు,” అంది ఆవిడ మెల్లగా. “గాజుగదిలోకి తుమ్మెద రాదు కదా. అక్కడ పూసి ఉంటే కుంచెతో తంటాలు పడేవాళ్ళం. నిలిచేవో, లేదో. ఇక్కడ ఆకాశం కింద పెట్టావు. తుమ్మెద పిలవకుండానే వచ్చి దాని పని చేసి పోయింది.” ఆవిడ లేచి, ప్రొఫెసరు ఉన్న వైపు మొహం తిప్పింది. “నీ మీద నాకు కోపం లేదనుకోకు. చాలా ఉంది. ఈ పిల్లని ఏడిపించినందుకు నువ్వు అందరి ముందూ నిలబడి చెప్పాలి. డైరెక్టర్ గారు ఏ శిక్ష వేసినా పడాలి.”

“పడతాను. నేనే చెబుతాను.”

“అయినా ఒక మాట అనకుండా ఉండలేను. లోకంలో ఒకే ఒక్కటి అని ఇన్నేళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను. రేపు గింజలు పడితే పది, పది నుంచి వంద. సీసా ఎత్తి కూడా ఒంచలేకపోయిన నీ చేతికి నేను దణ్ణం పెట్టుకోవాలి.”

అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. డైరెక్టర్ వెనక నుంచి గొంతు సవరించుకుని, శిష్యురాలి వైపు చూడకుండానే, “అమ్మాయ్, నీ తాళం చెవి నీ దగ్గరే ఉంచుకో. గాజుగదికి కూడా ఏం ఢోకా లేదు. నేను తొందరపడ్డాను” అన్నాడు. సంస్థ పరువు ఊసు ఎత్తకుండా ఆయన చెప్పిన మొదటి మాట అదేనేమో.

మొక్కలమ్మ చెయ్యి ఒక పువ్వు దాకా వెళ్ళి ఆగిపోయింది. ముట్టుకుంటే నలిగిపోతుందని భయం.

“పిల్లా, నువ్వు చెప్పు. పువ్వు ఎలా ఉంది?”

శిష్యురాలు నోరు తెరవబోయింది. లాయరమ్మ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ప్రొఫెసరు ముందుకి వచ్చి నేల మీద కూచున్నాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. చాలాసేపు పువ్వునే చూశాడు, అప్పటికి ఎన్నోసార్లు చూసి ఉన్నా, మళ్ళీ మొదటిసారి చూస్తున్నట్టు.

“తెల్లగా ఉంది,” అన్నాడు. “అంచుల్లో కాస్త ఊదారంగు. అయిదు రేకలు. పైన విడివిడిగా ఉన్నాయి, తెల్లపొదకి ఉన్నట్టే.” అక్కడ ఆగి భూతద్దం సర్దుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. “కింద సగం దాకా అతుక్కుని ఉన్నాయి. గొట్టంలా. గొట్టం తీగకి ఉన్నట్టే. నువ్వు చెప్పింది చెప్పినట్టు ఉంది.”

“ఇంకోసారి చెప్పవూ?” అంది మొక్కలమ్మ.

ఆయన ఇంకోసారి చెప్పాడు. ఈసారి ఆపకుండా, మొదటి రేక దగ్గర నుంచి, ఒక్కొక్కటే.